బీఏ అంటే మొహం చిట్లించేవారికి

ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురం అపార్ట్‌మెంట్లలో పన్నెండో తరగతి పిల్లలున్న తెలుగువారింట మాటలు తరచూ జేఈఈ దగ్గరే మొదలవుతాయి. బీఏ అంటే చాలామందికి సీటు రానివాళ్ల చదువు.

రాజధాని ప్రాంతంలోనే, సోనీపత్‌లో 2014లో మొదలైన అశోకా యూనివర్సిటీ లెక్క వేరు. కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు కూడా అక్కడ సాహిత్యం, చరిత్ర, తత్త్వశాస్త్రాలకు సంబంధించిన ఫౌండేషన్ కోర్సులు చదవాల్సిందే. ఆంధ్రలోని శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీదీ ఇంచుమించు ఇదే బాట. ఫీజులు మాత్రం లక్షల్లో. మధ్యతరగతి వెనకాడితే తప్పు పట్టలేం.

నిజానికి సాహిత్యం, చరిత్ర, తత్త్వశాస్త్రాల చదువు తెలుగువారికి కొత్త కాదు. కేంబ్రిడ్జిలో చరిత్ర చదివిన కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వ తత్త్వ విచారము' అనే సాహిత్య విమర్శ గ్రంథం రాశారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యారు. ఆయన తర్వాత 1931లో ఆ కుర్చీలో కూర్చున్నది తత్త్వశాస్త్ర పండితుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. బంధువొకరు చదివేసిన పుస్తకాలు ఉచితంగా దొరకడంతోనే ఆయన ఆ సబ్జెక్టు తీసుకున్నారని చెబుతారు.