అమరావతి: ఎకరం ఇస్తే తిరిగొచ్చేది 1,450 గజాలు.. ఈ లెక్క వేసేదెవరు? ఆ చదువు మన పక్కనే ఉంది!

ఎకరం అంటే 4,840 గజాలు. రాజధాని కోసం 2015లో జరీబు పట్టా భూమి ఇచ్చిన రైతుకు ఎకరానికి తిరిగి ఇస్తామన్నది 1,000 గజాల ఇంటి స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం. మొత్తం 1,450 గజాలు. మెట్ట భూమికైతే 1,250 గజాలే. మరి జరీబు ఎకరంలో మిగిలిన 3,390 గజాలు ఎక్కడికెళ్లాయి?

కొంత రోడ్లకు, డ్రైనేజీకి, పార్కులకు, స్కూళ్లకు. కొంత ప్రభుత్వ భవనాలకు. ఇంకొంత నగరం కట్టే ఖర్చు రాబట్టుకోవడానికి సీఆర్‌డీఏ చేతికి. సరే.. రోడ్డు ఎంత వెడల్పు ఉండాలి? ఎవరి పొలం మీదుగా పోవాలి? రైతు ప్లాట్ మెయిన్ రోడ్డు మీద పడాలా, లోపలి వీధిలో పడాలా? ఈ లెక్కలు వేసేవాళ్లే సిటీ ప్లానర్లు. అందుకోసం ప్రత్యేకంగా ఒక పీజీ కోర్సు ఉంది. పేరు మాస్టర్ ఆఫ్ ప్లానింగ్, షార్ట్‌గా ఎం.ప్లాన్. మన దగ్గర చాలామంది బీటెక్ సివిల్ కుర్రాళ్లకు కూడా దీని గురించి పెద్దగా తెలియదు. ఆ వివరాలేంటో ఇప్పుడు చూద్దాం.

రెండు అమరావతులు.. రెండు రకాల సమస్యలు

ముందు ఒక క్లారిటీ. అమరలింగేశ్వర స్వామి గుడి, బౌద్ధ స్తూపం, ధ్యాన బుద్ధుడి విగ్రహం ఉన్న పాత అమరావతి పల్నాడు జిల్లాలో ఉంది. తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి వైపు కడుతున్న రాజధాని అమరావతి గుంటూరు జిల్లాలోకి వస్తుంది. 2022 ఏప్రిల్‌లో పల్నాడు కొత్త జిల్లా అయ్యాక ఈ రెండూ వేర్వేరు జిల్లాల్లోకి వెళ్లాయి.

పాత ఊరి సమస్య వేరు. అక్కడ స్తూపం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. చట్టం ప్రకారం అలాంటి కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు చేయకూడదు. ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల వరకు పర్మిషన్ తప్పనిసరి. అంటే ఆ పరిధిలో సొంత స్థలం ఉన్నవాళ్లు కూడా ఇష్టమొచ్చినట్టు ఇల్లు కట్టుకోలేరు. 2015లో కేంద్రం వారసత్వ నగరాల కోసం తెచ్చిన హృదయ్ పథకంలో దేశం మొత్తం మీద 12 ఊళ్లను ఎంపిక చేస్తే అందులో అమరావతి, వరంగల్ రెండూ ఉన్నాయి. పాతదాన్ని కాపాడాలి, అక్కడ బతికేవాళ్లకు ఇబ్బంది లేకుండా చూడాలి. ఇదీ ప్లానింగే.

కొత్త రాజధాని సమస్య ఇంకోటి. 217 చదరపు కిలోమీటర్లు, 29 గ్రామాలు, ల్యాండ్ పూలింగ్‌లో వచ్చిన దాదాపు 34 వేల ఎకరాలు. ఇక్కడ పంట పొలాల మీద నగరం కట్టాలి. అంతేకాదు, కొండవీటి వాగు పొంగితే నీళ్లు ఎటు పోవాలో కూడా ముందే ఆలోచించాలి. ఆ వాగు నీటిని కృష్ణా నదిలోకి ఎత్తిపోయడానికి ఉండవల్లి దగ్గర పంపులు పెట్టింది అందుకే.

ప్లానర్ అంటే బొమ్మలు గీసేవాడు కాదు!

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. బిల్డింగ్ డిజైన్ చేసేది ఆర్కిటెక్ట్. అది పడిపోకుండా కట్టేది సివిల్ ఇంజనీర్. అసలు ఆ బిల్డింగ్ అక్కడ ఉండొచ్చా? ఉంటే దానికి నీళ్లెక్కడివి, బస్సెక్కడ ఆగుతుంది, వాన పడితే ఏ వీధి మునుగుతుంది? ఇవి అడిగేది ప్లానర్.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి ఎవరూ మర్చిపోలేదు. వాగు వెళ్లే దారిలో ఇళ్లు ఎలా వచ్చాయన్న ప్రశ్న అప్పుడు అందరూ అడిగారు. ప్లానర్ ఆ ప్రశ్నను ఇళ్లు కట్టకముందే అడగాలి. అప్పుడు మనం పట్టించుకోవాలి కూడా.

నిజానికి ఇది కొత్త చదువేం కాదు. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ యూనివర్సిటీలో 1909లోనే దీనికి ప్రత్యేక విభాగం పెట్టారు. మన దగ్గర 1920లోనే మద్రాస్ టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో పట్టణాల ప్లాన్లకు దశాబ్దాల పాటు ఆధారం ఆ చట్టమే. స్వాతంత్య్రం వచ్చాక 1951లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్, ఇండియా ఏర్పడింది.

కోర్సులో ఏం నేర్పిస్తారు?

ఎం.ప్లాన్ రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. క్లాసుల కంటే ముఖ్యమైనది 'స్టూడియో'. అంటే కెమెరాలుండే స్టూడియో కాదండోయ్! విద్యార్థులంతా ఒక ఊరికి వెళ్తారు. ఇంటింటికీ తిరిగి సర్వే చేస్తారు. నీళ్లు ఎన్ని గంటలు వస్తున్నాయి, పనికి ఎంత దూరం పోతున్నారు, చెత్త ఎక్కడ పడేస్తున్నారు.. అన్నీ రాసుకుంటారు. తిరిగొచ్చి మ్యాపులు వేసి, రాబోయే 20 ఏళ్లకు ఆ ఊరికి ఏం కావాలో ప్లాన్ తయారు చేస్తారు. దీంతో పాటు భూ చట్టాలు, మున్సిపల్ ఆదాయం, జనాభా లెక్కలు, జీఐఎస్ మ్యాపింగ్, ట్రాఫిక్ సర్వేలు ఉంటాయి. చివర్లో థీసిస్.

మన పల్నాడునే తీసుకోండి. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలకు ఎంత దూరంలో ఇళ్లుండాలి? ఇది ఎన్విరాన్‌మెంటల్ ప్లానింగ్. నరసరావుపేటలో బస్టాండ్, మార్కెట్, హాస్పిటళ్ల దగ్గర ట్రాఫిక్‌ను ఎలా విడగొట్టాలి? ఇది ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్. మాచర్ల, గురజాల లాంటి ఊళ్లు చుట్టుపక్కల పల్లెలతో కలిసి ఎలా పెరగాలి? ఇది అర్బన్ అండ్ రీజనల్ ప్లానింగ్.

నగర పాలన, ఇళ్ల పాలసీ, పన్నులు.. ఇలాంటివాటి మీద ఆసక్తి ఎక్కువ ఉంటే ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో అర్బన్ పాలసీ అండ్ గవర్నెన్స్ అనే ఎంఏ కూడా ఉంది. డ్రాయింగ్ రాకపోయినా ఫర్వాలేదు.

ఎక్కడ చదవాలి? ఎవరు చేరొచ్చు?

అమరావతి వాళ్లు ఎక్కడో ఢిల్లీకి పోవాల్సిన పనిలేదు. విజయవాడలోనే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2008లో దీన్ని ఏర్పాటు చేసింది. 2014 చట్టంతో జాతీయ ప్రాముఖ్యత ఉన్న సంస్థగా గుర్తింపు వచ్చింది. దేశంలో ఇలాంటివి మూడే ఉన్నాయి. మిగతా రెండు ఢిల్లీ, భోపాల్‌లో. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ కూడా ప్లానింగ్ కోర్సులు నడుపుతోంది. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో మాస్టర్ ఆఫ్ సిటీ ప్లానింగ్ ఉంది.

అర్హత: బి.ప్లాన్, బి.ఆర్క్, బీటెక్ సివిల్ చేసినవాళ్లు అప్లై చేయొచ్చు. జాగ్రఫీ, ఎకనామిక్స్, సోషియాలజీ లాంటి సబ్జెక్టుల్లో పీజీ చేసినవాళ్లకు కూడా కొన్ని కోర్సుల్లో అవకాశం ఉంది.

ఎంట్రన్స్: గేట్‌లో 'ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్' పేపర్ ఉంటుంది. 2022 నుంచి ఇందులో కామన్ పార్ట్ తర్వాత ఆర్కిటెక్చర్ కావాలో, ప్లానింగ్ కావాలో ఎంచుకోవచ్చు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. విజయవాడ స్కూల్ సీట్లు సీసీఎంటీ కౌన్సెలింగ్‌లో భర్తీ అవుతాయి. ఏ కోర్సుకు ఏ పేపర్ చెల్లుతుందో ఆ ఏడాది బ్రోచర్‌లో కచ్చితంగా చూసుకోండి. ఇంటర్ తర్వాతే ఈ లైన్‌లోకి రావాలంటే బి.ప్లాన్ ఉంది. దానికి జేఈఈ మెయిన్ పేపర్ 2బి రాయాలి.

మరి ఉద్యోగాలున్నాయా?

ఇదే అసలు ప్రశ్న. నీతి ఆయోగ్ 2021 సెప్టెంబర్‌లో ఇచ్చిన రిపోర్ట్ చూస్తే ఆశ్చర్యమేస్తుంది. రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ శాఖలకు 12 వేల మందికి పైగా ప్లానర్లు కావాలి. మంజూరైన పోస్టులు మాత్రం 4 వేల లోపే. అందులోనూ దాదాపు సగం ఖాళీ. దేశంలో 7,933 పట్టణాలుంటే దాదాపు 65 శాతం ఊళ్లకు మాస్టర్ ప్లానే లేదట!

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. అవసరం ఉన్నంత మాత్రాన నోటిఫికేషన్ రాదు. చాలా రాష్ట్రాల్లో టౌన్ ప్లానర్ పోస్టుకు ప్లానింగ్ డిగ్రీ తప్పనిసరి అన్న రూల్ కూడా లేదని అదే రిపోర్ట్ చెప్పింది. కాబట్టి డిగ్రీ చేతికి రాగానే సర్కారీ ఉద్యోగం ఖాయం అనుకుని చేరొద్దు. మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగాలు, పట్టణాభివృద్ధి సంస్థలు, మెట్రో ప్రాజెక్టులు, ప్రైవేట్ కన్సల్టెన్సీలు.. అన్నిటి మీదా కన్నేసి ఉంచాలి. ఏపీలో వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ సెక్రటరీ పోస్టు కూడా ఈ లైన్‌దే. వీధి స్థాయిలో ఇంటి ప్లాన్ చూసేది వాళ్లే.

అమరావతి చెప్పే పాఠం ఇదే

రాజధాని మాస్టర్ ప్లాన్ సింగపూర్ సంస్థలు ఇచ్చాయి. ప్రభుత్వ భవనాల డిజైన్ లండన్‌కు చెందిన ఫోస్టర్ ప్లస్ పార్టనర్స్ చేసింది. 2015 అక్టోబర్ 22న శంకుస్థాపన జరిగింది. 2019 తర్వాత పనులు ఆగిపోయాయి. మూడు రాజధానుల ప్రకటన, రైతుల ఉద్యమం, 2022 మార్చిలో హైకోర్టు తీర్పు.. ఇవన్నీ దాటుకుని 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా పనులు మళ్లీ మొదలయ్యాయి.

మ్యాప్‌లో గీతలు మారకపోయినా, భూమి ఇచ్చిన కుటుంబాలకు ఆ పదేళ్లు తిరిగి రావు. కాగితం మీద ప్లాట్ నంబర్ ఉంటే సరిపోదు. దానికి రోడ్డు రావాలి, కరెంటు రావాలి, కొనేవాడు రావాలి. అప్పుడే అది ఆస్తి. అందుకే మంచి ప్లానింగ్ స్టూడియోలో మొదట అడిగే ప్రశ్న 'నగరం ఎలా కనిపించాలి' అని ఉండదు. 'ఎవరు ఏం ఇస్తున్నారు, వాళ్లకు ఏది ఎప్పుడు తిరిగొస్తుంది' అని ఉంటుంది.

ఆ ప్రశ్నకు బయట నుంచి వచ్చిన నిపుణులు కూడా జవాబు రాయగలరు. కానీ జరీబుకు, మెట్టకు తేడా ఏంటో, వాగు ఏ నెలలో పొంగుతుందో, తిరునాళ్లకు ఏ సందు నిండిపోతుందో చిన్నప్పటి నుంచి చూసినవాళ్లు ఆ టేబుల్ దగ్గర కూర్చుంటే లెక్క ఇంకొంచెం న్యాయంగా పడుతుంది. గేట్ ఏటా ఫిబ్రవరిలో జరుగుతుంది. అప్లికేషన్లు సాధారణంగా ఆగస్టు, సెప్టెంబర్‌లోనే తీసుకుంటారు. మీ ఇంట్లో సివిల్ ఫైనల్ ఇయర్‌లో ఎవరైనా ఉంటే ఈ విషయం ఒకసారి చెప్పండి.