సాయంత్రం దాకా ఆగలేని అనాసపండు

పోయినేడు జూలైలో రెండు రోజులు సెలవులు కలిసొస్తే పిల్లల్ని తీసుకుని అరకు వెళ్లాం. కిరండూల్ రైలు, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లల కేకలు, పద్మాపురం తోటలు, కాఫీ మొక్కలు... ఇవన్నీ మీకూ తెలిసినవే. నేను చెప్పబోయేది వాటి గురించి కాదు. కారులో తిరిగి వస్తుంటే ఘాట్ రోడ్డు పక్కన అనాసపండ్లు కుప్ప పోసుకుని కూర్చున్న ఒక గిరిజన స్త్రీ గురించి.

అప్పటికి సాయంత్రం ఐదున్నర. చినుకులు మొదలయ్యాయి. "ఆరు పళ్లు నూట యాభై అమ్మా" అంది. బేరమాడకుండా కొంటే మనం ఆడవాళ్లమెలా అవుతాం! "వందకిస్తావా?" అన్నాను. కాసేపు నా మొహం చూసింది, కాసేపు మబ్బు వంక చూసింది. "తీసుకో అమ్మా, మళ్లీ కొండెక్కి మోసుకెళ్లలేను" అంటూ పండ్లు సంచీలో వేసింది. ఇల్లు చేరేదాకా ఆ బేరం గురించి మావారి దగ్గర గొప్పలు పోయాను.

మూడో రోజుకల్లా రెండు పండ్లు మెత్తబడి, వంటింటి నిండా పులిసిన వాసన. పారేశాను. అదే వారం మా ఆడపడుచు కూతురి పుట్టినరోజు వచ్చింది. అనాస ముక్కలతో జెల్లీ చేయమని పిల్ల అడిగింది. పచ్చి అనాస వేస్తే జెల్లీ గట్టిపడదు. ఆ పండులోని ఒక పదార్థం దాన్ని పేరుకోనివ్వదు, వేడి తగిలితేనే అది చస్తుంది. అందుకని ఉడికించి డబ్బాలో పెట్టిన ముక్కలు కొన్నాను. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివితే అది సముద్రం అవతలి దేశం నుంచి వచ్చింది! లోపలున్నది మహా అయితే ఒక్క పండు. ధర మాత్రం నేను ఆరు పండ్లకిచ్చిన దానికి రెట్టింపు పైనే.

సముద్రం దాటొచ్చిన పండుకు అంత విలువ, మన కొండ దిగొచ్చిన పండుకు ఇంతేనా? ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. దాంతో ఆ డబ్బా పుట్టుపూర్వోత్తరాలు వెతకడం మొదలుపెట్టాను.

జాడీకి తోబుట్టువు

వేసవి వస్తే మా అమ్మమ్మ ఆవకాయ జాడీలు ఎండబెట్టేది. వాసెన కట్టేదాకా తడి చెయ్యి తగలనిచ్చేది కాదు. ఊరగాయ, వడియాలు, మామిడి తాండ్ర... అన్నీ చేసే పని ఒక్కటే. పంటను ఆపి ఉంచడం. నెల రోజుల్లో వచ్చిపోయే దాన్ని ఏడాది పొడుగునా తినడం.

ఫ్రాన్సులో నికొలా అపెర్ అనే మిఠాయిల తయారీదారు కూడా ఇదే పని వేరే దారిలో చేశాడు. ఆహారాన్ని గాజుసీసాలో పెట్టి, బిరడా బిగించి, సీసాను మరిగే నీళ్లలో ఉంచితే నెలల తరబడి చెడదని కనుక్కున్నాడు. 1810లో అక్కడి ప్రభుత్వం అతనికి 12,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. సైన్యానికి తిండి పంపే అవసరమే దీనికి ముఖ్యకారణం. అదే ఏడు ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ తగరం పూత పూసిన రేకుడబ్బాకు పేటెంటు తీసుకున్నాడు. తమాషా ఏమిటంటే, అసలు ఎందుకు చెడటం లేదో అపెర్‌కు తెలీదు. సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్ చెప్పింది ఆ తర్వాత అర్ధశతాబ్దానికి!

మన అరకులో పద్మాపురం తోట కూడా రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైందే. యుద్ధం పోయింది. తోట ఇప్పుడు మనలాంటి యాత్రికులు చూసే చోటు అయింది.

ఒక దీవి, ఒక డబ్బా

అనాసను డబ్బాకెక్కించి ప్రపంచమంతా తిప్పిన కంపెనీ హవాయి దీవుల్లో పుట్టింది. 1901లో జేమ్స్ డోల్ అనే ఇరవై నాలుగేళ్ల యువకుడు దాన్ని స్థాపించాడు. 1903లో మొదటిసారి డబ్బాలు కట్టినప్పుడు వచ్చినవి 1,893 పెట్టెలు. అనాస తొక్క తీయడం ఎంత చాకిరీయో మనకు తెలుసు కదా! 1911లో హెన్రీ గినాకా అనే ఇంజనీరును పెట్టుకుని దానికో యంత్రం చేయించాడు. తొక్క, గట్టి నడిమి భాగం తీసేసి, ఆ యంత్రం రానురాను నిమిషానికి వంద పండ్ల దాకా అందించేది. మిగిలిన కళ్లు ఏరి, ముక్కలు డబ్బాల్లో సర్దేది మాత్రం వరసలుగా నిలబడ్డ ఆడవాళ్లు. 1922లో డోల్ ఏకంగా లనాయి అనే దీవినే కొని అనాసతోటగా మార్చేశాడు.

అంత పెద్ద కంపెనీ కూడా 1930ల ఆర్థిక మాంద్యంలో ఆయన చేయి జారిపోయింది. కూలి చవకగా దొరికే ఫిలిప్పీన్స్, థాయిలాండ్ వైపు అనాస పరిశ్రమ తరలిపోయింది. హొనొలులులోని ఆ ఫ్యాక్టరీ 1991లో మూతపడింది. పండు ఆగింది గానీ పని ఆగలేదన్నమాట!

మన చిత్తూరు సంగతి

డబ్బాల పరిశ్రమ మనకు లేదనుకోకండి. చిత్తూరు జిల్లా తోతాపురి మామిడి గుజ్జు సముద్రాలు దాటి వెళ్తోంది. వేసవి చివర్లో లారీల కొద్దీ కాయలు వస్తాయి. మగ్గబెట్టి, కడిగి, తొక్కా టెంకా వేరుచేసి, గుజ్జును వేడిచేసి డబ్బాల్లో నింపుతారు. మూడు కిలోల పైచిలుకు పట్టే పెద్ద డబ్బాలవి. ఈమధ్య పెద్ద పీపాల్లో, గాలి చొరబడని సంచుల్లో నింపడమూ పెరిగింది. కాయలు ఏరడం, కోయడం లాంటి పనుల్లో అక్కడా ఆడవాళ్ల చేతులే ఎక్కువ. కాయల కాలం అయిపోతే ఆ పనీ అయిపోతుంది.

మరి అన్ని ఫ్యాక్టరీలున్న చోట రైతు నిశ్చింతగా ఉన్నాడా? 2025 వేసవిలో కాపు విరగకాసింది. గోదాముల్లో అంతకుముందు గుజ్జే మిగిలి ఉంది. ధర పడిపోయింది. కిలోకు 12 రూపాయలు అందాలనీ, అందులో 8 ఫ్యాక్టరీలు ఇస్తే 4 తాను ఇస్తాననీ ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. డబ్బాలోని గుజ్జు ఏడాదైనా ఆగుతుంది. ట్రాక్టర్లోని కాయ ఆగదు. డబ్బా ఎవరి చేతిలో ఉంటే ఆగే శక్తి వాళ్లదే!

టమాటాదీ ఇదే కథ. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో 150 రూపాయలు దాటినప్పుడు మనం ఒక్కో టమాటా లెక్కపెట్టి వేసుకున్నాం. కోత కూలి కూడా రాక, రైతులు అదే టమాటాను రోడ్డు మీద పారబోసిన రోజులూ చూశాం.

కాఫీకి కుదిరింది

అరకు కొండల్లో ఈ చిక్కు విడిపోయిన పంట ఒకటుంది, కాఫీ. గింజను ఎండబెడితే నెలల తరబడి ఆగుతుంది. దానికి తోడు, కొని నిలబెట్టే సంస్థలూ దొరికాయి. విశాఖపట్నం కేంద్రంగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తేనె, చింతపండు, కుంకుడుకాయలతో పాటు కాఫీ కూడా కొని తన పేరుతో అమ్ముతోంది. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో రైతుల సహకార సంఘం పండించిన కాఫీ 2017లో ప్యారిస్‌లో సొంత దుకాణం దాకా వెళ్లింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అనాసకు ఎండే గుణం లేదు, రసం కారే గుణమే ఉంది. అందుకే దానికి సంతకు దగ్గర్లో, చిన్నదైనా సరే, ఒక శుభ్రమైన వంటశాల కావాలి. అది మహిళా సంఘాల చేతిలో ఉండాలి. అడవి ఉత్పత్తులకు విలువ జోడించుకోవడానికి 2018లో మొదలైన వన్ ధన్ పథకం ఉద్దేశం ఇలాంటిదే. పెద్ద ఫ్యాక్టరీ వస్తే ఆ కొండ మీది ఆడవాళ్లు కూలీలవుతారు. చిన్న వంటశాల వాళ్లదే అయితే, సాయంత్రం మిగిలిన పండ్లను నాకు తక్కువ ధరకు ఇవ్వాల్సిన అవసరం ఉండదు.

ఇంట్లో చేసి చూద్దామా?

నేనూ ప్రయత్నించాను. మొదటిసారి పాకంలో ఉడికించిన ముక్కలు సీసాలో పోసి, మూత బిగించి వదిలేశాను. వారానికి మూత టప్పున ఎగిరి అలమర అంతా బంక! సీసాను మరిగించడం మానేయడమే నా తప్పు.

ఇప్పుడిలా చేస్తున్నాను. తొక్క, కళ్లు, నడిమి గట్టి భాగం తీసేసి ముక్కలు కోయండి. లీటరు నీళ్లకు అరకిలో పంచదార వేసి పాకం మరిగించి, ముక్కలు వేసి పది నిమిషాలు ఉడకనివ్వండి. వేడి నీళ్లలో మరిగించిన అరలీటరు సీసాల్లో వేడివేడిగా, పైన వేలెడు ఖాళీ ఉంచి నింపండి. మూత పెట్టి, సీసా మునిగేటన్ని మరిగే నీళ్లలో ఇరవై ఐదు నిమిషాలు ఉంచండి. చల్లారాక మూత మధ్యభాగం లోపలికి గుంటపడితే కుదిరినట్టే.

అనాసలో పులుపు ఎక్కువ కనుక ఈ పద్ధతి సరిపోతుంది. టమాటాల పులుపు ఒక్కోసారి చాలదు, అందుకే గుజ్జులో నిమ్మరసం తప్పనిసరి. పులుపు లేని బీన్స్, బఠాణీల జోలికి మాత్రం ఇంట్లో పోవద్దు, ప్రాణాంతకమైన విషం పుట్టొచ్చు. మరో మాట. అరకులాంటి ఎత్తులో నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. అక్కడ ఇంకాసేపు ఉంచాలి.

రెండోసారి చేసిన సీసాలు ఆరు నెలలైనా చెక్కు చెదరలేదు. ఒకటి తీసి మావారికి రుచి చూపిస్తే "ఈసారి అరకు వెళ్తే ఇంకో పది పండ్లు కొందాం" అన్నారు.

కొందాం. కానీ చినుకులు పడుతున్న సాయంత్రం పూట బేరం మాత్రం ఆడను. నాకు జాడీ ఉంది, సీసా ఉంది, ఫ్రిజ్ ఉంది. నేను ఆగగలను. ఆ తల్లి ఆగలేదు. మా ఇద్దరికీ ఉన్న తేడా అంతే!