తల్లులు ఎందుకు చనిపోతున్నారని అడిగిన డాక్టర్ జెరూషా ఝిరాద్

ముంబైలోని కామా ఆసుపత్రి 1886లో మొదలైంది. పార్సీ దాత పెస్తోంజీ హోర్ముస్‌జీ కామా ఇచ్చిన డబ్బుతో, స్త్రీల కోసం, స్త్రీ వైద్యులే నడిపేలా కట్టిన ఆసుపత్రి అది. పేరుకు స్త్రీలదే అయినా, దాని అధికారి కుర్చీ దశాబ్దాలపాటు బ్రిటన్ నుంచి వచ్చిన డాక్టర్లదే. 1920ల చివర ఆ బాధ్యత తొలిసారి ఒక భారతీయురాలి చేతికి వచ్చింది. ఆమే జెరూషా ఝిరాద్.

ఆమెది బెనె ఇజ్రాయెల్ కుటుంబం. కొంకణ తీరంలో తరతరాలుగా స్థిరపడిన ఈ యూదులు ఒకప్పుడు గానుగ ఆడించి బతికేవారు. శనివారం పని ముట్టరు కాబట్టి ఊళ్లో వాళ్లను 'శనివార్ తేలీ' అని పిలిచేవారు. జెరూషా పుట్టింది కర్ణాటకలోని శివమొగ్గలో. చిన్నప్పుడు జబ్బుపడిన అక్కచెల్లెళ్లలో ఒకరికి కామా ఆసుపత్రిలో నయం కావడం చూసి, తానూ డాక్టరునే కావాలనుకున్నారట. గ్రాంట్ మెడికల్ కాలేజీలో 1912లో వైద్యవిద్య పూర్తిచేశారు. పైచదువుకు లండన్ వెళ్లి, భారత ప్రభుత్వ ఉపకారవేతనం అందుకున్న మొదటి మహిళ అయ్యారు. 1919లో ప్రసూతి, స్త్రీవ్యాధుల శాస్త్రంలో ఎం.డి. పట్టా సాధించారు.

పదవులకన్నా ఆమె చేసిన ఒక పరిశోధన గురించి ఎక్కువ చెప్పుకోవాలి. 1937-38లో బొంబాయి నగరంలో ప్రసూతి మరణాల కారణాలను ఆమె పరిశోధించారు. నివేదిక 1941లో అచ్చయింది. ఇది వినడానికి తేలికైన పనిలా ఉంటుంది, కానీ కాదు. కాన్పయిన వారానికి బాలింత చనిపోతే మరణాల రిజిస్టరులో 'జ్వరం' అని రాసేస్తే చాలు, అది ప్రసూతి మరణంగా లెక్కలోకే రాదు. అది సూతికా జ్వరమా? రక్తస్రావమా? గుర్రపువాతమా? కాన్పు ఎవరు చేశారు, ఆసుపత్రికి ఎంత ఆలస్యంగా తెచ్చారు? ఒక్కో మరణం వెనక్కి వెళ్లి ఇవన్నీ అడిగితేగాని అసలు కారణం బయటపడదు. 1946 నాటి భోర్ కమిటీ అంచనా ప్రకారం దేశంలో ఏటా దాదాపు 2 లక్షలమంది తల్లులు కాన్పు సంబంధమైన కారణాలతో చనిపోయేవారు.

ఆ రోజుల్లో బొంబాయిని కలవరపెట్టిన మరో సమస్య గర్భిణుల రక్తహీనత. ఇంగ్లండు నుంచి వచ్చిన లూసీ విల్స్ 1928 నుంచి ఇక్కడ దానిమీద పనిచేశారు. ఆమె కూడా లండన్ మహిళా వైద్య కళాశాల విద్యార్థినే. ఈస్ట్ నుంచి తీసిన చవకైన మార్మైట్ తినిపిస్తే ఒక రకం రక్తహీనత తగ్గుతుందని 1931లో ఆమె ప్రకటించారు. అందులో పనిచేసిన పదార్థానికి తర్వాత ఫోలిక్ ఆమ్లమని పేరొచ్చింది. ఇప్పుడు ఆశా కార్యకర్త గర్భిణికి ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది అదే. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 52.2 శాతం గర్భిణులకు రక్తహీనత ఉన్నట్టు తేలింది.

ఆసుపత్రి బయటా ఆమె ఊరికే కూర్చోలేదు. తమ సమాజపు ఆడవాళ్ల కోసం 1913లో ఏర్పడిన స్త్రీ మండల్‌లోనూ, 1925లో బొంబాయిలో మొదలైన యూదు మత సంస్కరణ సంఘంలోనూ ముందున్నారు. ప్రసూతి వైద్యుల సంఘాలన్నిటినీ 1950లో ఒక జాతీయ సమాఖ్యగా కూర్చినవారిలో ఆమె ఒకరు. ఈ ప్రయత్నానికి బీజం పడిన 1936 మద్రాసు మహాసభ వెనుక ఉన్న లక్ష్మణస్వామి ముదలియార్ మన కర్నూలులో పుట్టినవారే.

1947లో ఝిరాద్ కామా ఆసుపత్రి నుంచి విరమించి, మరో పదేళ్లు భారత మహిళా వైద్యుల సంఘానికి అధ్యక్షురాలిగా ఉన్నారు. 1966లో పద్మశ్రీ వచ్చేనాటికి ఆమెకు డెబ్బై దాటాయి.