అటకెక్కిన వస్తువుకు పొరుగింట్లో పని

విశాఖపట్నం: భోగి తెల్లవారుజామున మంట దగ్గర చిన్న తగవు చాలా ఇళ్ళలో మామూలే. కాలు విరిగిన కుర్చీని మనవడు మంటలో వేయబోతాడు. నాయనమ్మ చెయ్యి అడ్డం పెడుతుంది. "ఆగరా గుంటడా, కాలు బిగిస్తే ఎవరో ఒకరు కూర్చుంటారు" అంటుంది. పాతది పోవాలి, కొత్తది రావాలి అన్నది పండుగ మాట. పాతది పోవలసింది మంటలోకా, పొరుగింటికా అన్నది నాయనమ్మ ప్రశ్న.

ఆ ప్రశ్న ఒక్క భోగినాటిది కాదు. కొనడం సులువై, బాగుచేయించడం కష్టమైన ఈ రోజుల్లో ప్రతి ఇంటి అటక మీదా, పెరటి మూలా వాడని సామాను పేరుకుపోతోంది.

పట్నంలో పారేస్తే పల్లెలో దిబ్బ

విశాఖ ఉద్యోగుల ఊరు. ఉక్కునగరంలో, సాలగ్రామపురం పోర్టు కాలనీలో క్వార్టర్లున్నాయి. పదవీ విరమణ చేసినవారు, బదిలీ అయినవారు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అంతా లారీ ఎక్కించలేరు. నవారు మంచం, రేకు బీరువా, పిల్లల సైకిలు, పూలకుండీలు మిగిలిపోతాయి. అడిగేవారు తెలిసివుంటే అవి మరో ఇంటికి చేరతాయి. తెలియకపోతే వీధి చివర చెత్తలో పడతాయి.

నగరం చెత్త చేరే పెద్ద దిబ్బ భీమునిపట్నం దారిలోని కాపులుప్పాడలో వుంది. చెత్త నుంచి విద్యుత్తు తీసే కర్మాగారం కూడా అక్కడ పెట్టారు. చెత్తను కాల్చి కరెంటు తీయడం మంచిదే కావచ్చు. కాని పడుకోవడానికి పనికొచ్చే మంచాన్ని కాల్చడం కన్నా దాని మీద ఒకరు పడుకోవడమే లాభం. పట్నంలో ఒక ఇంటివారు వస్తువును పొరుగువారికిస్తే, ఆ మేరకు దిబ్బ మీద బరువు తగ్గినట్టే.

పల్లెవారికీ ఇందులో పాలు వుంది. పెరట్లో పడేసిన పాత టైరు, పగిలిన బక్కెట్టు, మూత లేని డ్రమ్ము వానాకాలంలో నీటితో నిండుతాయి. డెంగ్యూ జ్వరం తెచ్చే దోమ గుడ్లు పెట్టేది అలాంటి నిలవ నీటిలోనే. వారం పది రోజుల్లో గుడ్డు దోమ అయి ఎగురుతుంది. వాడని వస్తువు ఊరికే పడివుందనుకుంటాం గాని, అది పని చేస్తూనే వుంటుంది. ఆ పని మనకు చేటు.

ఖాళీ గిన్నె తిరిగి రాదు

ఇచ్చిపుచ్చుకోవడం మనకు కొత్త కాదు. "వదినా, మావాడికి ఈ లాగు పొట్టయిపోయింది, మీ చిన్నోడికి తొడుగు" అంటే అది దానం కాదు, వరస. పురిటి బిడ్డను పడుకోబెట్టేది కొత్త గుడ్డ మీద కాదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలు చీర ముక్క మీదనే. ఆ చీరే ఉయ్యాల అవుతుంది. మరి నాలుగు చీరలతో కలిపి కుడితే బొంత అవుతుంది. చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డ అవుతుంది. ఒక్క చీర అన్ని పనులూ చేశాకనే మట్టిలో కలిసేది.

ఇప్పటి నైలాను, పాలియెస్టరు బట్ట అలా కాదు. చెమట పీల్చదు, బొంతకు పనికిరాదు, మట్టిలో పడితే ఏళ్ళ తరబడి కుళ్ళదు. అందుకే దానిని చిరగకముందే, తొడుక్కోవడానికి బాగున్నప్పుడే మరొకరికి ఇవ్వాలి. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే వారికి వేసినా మేలే. ఆ బట్టలు బాగుపడి మళ్ళీ సంతకు వస్తాయి.

మన పల్లెల్లో మరో పద్ధతి వుంది. పొరుగింటి నుంచి కూర వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. నాలుగు మునక్కాయలో, గుప్పెడు కందిపప్పో, ఏమీ లేకపోతే రెండు నిమ్మకాయలో వేసి పంపుతారు. తీసుకున్నవారికి తల ఎత్తుకునే వీలు ఆ నిమ్మకాయల్లో వుంది. పాత సామాను ఇచ్చేటప్పుడు కూడా ఈ పద్ధతినే గుర్తుంచుకోవాలి.

కట్టలు కట్టలుగా రోడ్డు పక్కన

ఆ పద్ధతి మరిస్తే ఏమవుతుందో 2004 డిసెంబరు సునామీ తరువాత తమిళనాడు తీరంలో కనిపించింది. నలుమూలల నుంచి లారీలకొద్దీ పాత బట్టలు వచ్చాయి. చిరిగినవి, మాసినవి, అక్కడివారు కట్టుకోనివి ఎన్నో. సర్వం పోగొట్టుకున్న బెస్తవారు కూడా వాటిని ముట్టలేదు. అవి రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. ఢిల్లీలో 1999లో అన్షు గుప్తా స్థాపించిన గూంజ్ సంస్థ అలా పడివున్న బట్టలను ఏరి, వేరుచేసి, తిరిగి వాడుకలోకి తెచ్చే పని చేపట్టింది. ఆయనకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. బట్టను బిచ్చంగా పంచకుండా, ఊరివారు బావి తవ్వుకుంటే, రోడ్డు వేసుకుంటే దానికి ప్రతిఫలంగా ఇవ్వడం ఆ సంస్థ పద్ధతి. మన నిమ్మకాయల లెక్కే అది.

పరదేశంలోనూ ఇటువంటి ఆలోచన పుట్టింది. ఇరాన్‌లోని మషద్ నగరంలో 2015 చలికాలంలో ఒక గోడకు కొక్కేలు కొట్టి, అక్కరలేని కోటు తగిలించి పొమ్మని, అవసరమైనవారు తీసుకుపొమ్మని రాశారు. ఇచ్చేవారెవరో, పుచ్చుకునేవారెవరో ఒకరికొకరు తెలియనక్కరలేదు. ఆ 'దయ గోడ' మన దేశంలోని పట్టణాలకూ పాకింది.

2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వం దేశంలోని పట్టణాలన్నిటిలో 'ఆర్‌.ఆర్‌.ఆర్‌.' కేంద్రాలు తెరవాలని పిలుపునిచ్చింది. తగ్గించు, తిరిగి వాడు, కొత్తగా మార్చు అని దాని అర్థం. పాత బట్టలు, చెప్పులు, పుస్తకాలు, ఆటబొమ్మలు అక్కడ ఇవ్వవచ్చు. జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినం వరకు ఆ కార్యక్రమం జరిగింది.

గోడ అయినా, కేంద్రం అయినా చూసుకునే మనిషి లేకపోతే నెల తిరగకుండా చెత్తకుండీ అవుతుంది. ఆ మనిషి ఊళ్ళో సులువుగా దొరుకుతాడు. రామకోవెల అరుగు, గ్రంథాలయం వరండా, మహిళా సంఘం సమావేశం వీటిలో ఏదైనా చాలు. నెలకొక రోజు పెట్టుకుని, ఎవరింట్లో ఏముందో, ఎవరికేమి కావాలో చెప్పుకుంటే సరిపోతుంది.

ఇచ్చే ముందు

మనం ఏ వస్తువు తీసుకోవడానికి సిగ్గుపడతామో దానిని ఇంకొకరికి ఇవ్వరాదు. బట్ట ఉతికి, గుండీ కుట్టి ఇవ్వాలి. పరుపు రెండు ఎండలు ఎండనివ్వాలి. మిక్సీ, ఫ్యాను, ఇస్త్రీపెట్టె ఇస్తే తీగ తెగిందేమో చూసి, నడిపి చూపించి ఇవ్వాలి. గ్యాసు గొట్టానికి ఐదేళ్ళే ఆయువు. పొయ్యి ఇవ్వవచ్చు గాని, గొట్టం కొత్తది కొనుక్కోమని చెప్పాలి. మిగిలిన మందులు ఎవరికీ ఇవ్వకూడదు. ఇంటరు, డిగ్రీ పుస్తకాలను పరీక్షలైన యేడే ఇచ్చేయాలి. పాఠాలు మారితే అవి తూకానికే వెళతాయి.

అన్నీ ఇచ్చేయాలని కూడా కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను విరగ్గొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటి వేళ లాంతరు, రుబ్బురోలు వున్న ఒక్క ఇల్లు వీధికంతా ఆసరా. పది ఇళ్ళకు ఒకటి వున్నా చాలు, ఎవరింట్లో వుందో అందరికీ తెలిసివుంటే.

వచ్చే భోగికి పిడకలు, ఎండుకట్టెలు చాలు. ప్లాస్టిక్కు, టైరు మంటలో వేస్తే వచ్చే పొగ పిల్లల ఊపిరికి చేటు. మిగతా సామాను మంట దాకా తేకముందే, గోడ అవతలికి ఒక్క కేక వేసి అడిగితే పోయేదేమీ లేదు. "అప్పా, ఇది మీకు పనికొస్తుందా?" ఆ మాటకు జవాబుగా మర్నాడు గోడ మీద నాలుగు మునక్కాయలు కనబడితే ఆశ్చర్యపోనక్కరలేదు.