గడప తొక్కితేనే ఓటు

లోక్‌సభ ఎన్నిక ఢిల్లీలో ప్రభుత్వాన్ని నిలబెట్టడానికి జరుగుతుంది. ఓటు మాత్రం ఊళ్లోని బడి గదిలో పడుతుంది. ఓటరు ఆ గది దాకా రావడం వెనుక చాలామంది కష్టం ఉంటుంది. బూత్ కమిటీ సభ్యులు, పోలింగ్ ఏజెంట్లు, యువజన సంఘాల కుర్రాళ్లు, ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు, ఇంటింటికీ తిరిగే బూత్ లెవల్ అధికారులు ఎన్నికను భుజాన మోస్తారు. వీళ్లలో ఎక్కువమంది పేర్లు పత్రికల్లో రావు. కానీ వీళ్ల పని సరిగ్గా సాగకపోతే ఎంత పెద్ద సభ పెట్టినా, ఎంత పేరున్న నాయకుడు వచ్చినా ఓట్లు పెట్టెలో పడవు.

మెదక్ పట్టణాన్ని ఆనుకుని ఉన్న హవేలిఘనపూర్ ఈ పనిని దగ్గరగా చూడదగిన చోటు. ఒకప్పుడు మెదక్ మండలంలో భాగమైన ఈ ప్రాంతం 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనతో కొత్త మండలమైంది. ఇది మెదక్ అసెంబ్లీ సెగ్మెంట్ పరిధిలోకి వస్తుంది. మెదక్‌తో పాటు సిద్దిపేట, నర్సాపూర్, సంగారెడ్డి, పటాన్‌చెరు, దుబ్బాక, గజ్వేల్ కలిస్తే మెదక్ లోక్‌సభ నియోజకవర్గం. అంటే వ్యవసాయం మీద బతికే పల్లెలూ, పటాన్‌చెరు కార్మిక వాడలూ ఒకే ఎంపీని ఎన్నుకుంటాయి. ఒకే ప్రసంగంతో, ఒకే కరపత్రంతో ఇంతమందిని మెప్పించడం ఎవరివల్లా కాదు. ఏ ఊరి మాట ఆ ఊళ్లో చెప్పే మనుషులు ప్రతి పార్టీకీ కావాలి.

బూత్‌కు 20 ఓట్లు

2024 మే 13న జరిగిన ఎన్నికలో మెదక్ స్థానంలో 18 లక్షలకు పైగా ఓటర్లున్నారు. వారిలో 75 శాతానికి పైగా ఓటు వేశారు. బీజేపీ అభ్యర్థి రఘునందన్‌రావుకు 4,71,217 ఓట్లు, కాంగ్రెస్ అభ్యర్థి నీలం మధుకు 4,32,078 ఓట్లు వచ్చాయి. బీఆర్ఎస్ అభ్యర్థి వెంకట్రామిరెడ్డి మూడో స్థానంలో నిలిచారు. గెలుపు తేడా 39,139 ఓట్లు.

వినడానికి ఇది పెద్ద అంకెలాగే ఉంటుంది. నియోజకవర్గంలో ఉన్న రెండు వేలకు పైగా పోలింగ్ కేంద్రాలకు పంచి చూస్తే బూత్‌కు 20 ఓట్లు కూడా రావు. ఒక బూత్ పరిధిలో హైదరాబాద్‌కు వలసపోయి తిరిగి రాని కుటుంబాలు నాలుగైదు, జాబితాలో పేరు గల్లంతైన కొత్త కోడళ్లు ఇద్దరు ముగ్గురు, నడవలేక ఇంట్లోనే ఉండిపోయిన వృద్ధులు కొందరు. ఆ 20 ఓట్లు వీళ్లవే కావచ్చు. కింది స్థాయి కార్యకర్త విలువ ఈ లెక్కలోనే తెలుస్తుంది.

తొలి పని జాబితాతో

ప్రచారం అనగానే మైకులు, జెండాలు, కండువాలు గుర్తొస్తాయి. అనుభవమున్న కార్యకర్త మాత్రం ఓటరు జాబితాతో మొదలుపెడతాడు. జాబితాలో పేరు లేనివాడి దగ్గర ఎంత ప్రచారం చేసినా ఫలితం ఉండదు.

కొత్తగా పేరు చేర్చుకోవడానికి ఫారం 6, తొలగింపునకు ఫారం 7, చిరునామా మార్పునకూ తప్పుల సవరణకూ ఫారం 8 ఉన్నాయి. ఒకప్పుడు జనవరి 1 నాటికి 18 ఏళ్లు నిండినవారికే ఆ ఏడాది అవకాశం ఉండేది. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగింటినీ లెక్కలోకి తీసుకుంటున్నారు. నామినేషన్ల గడువు ముగిశాక మాత్రం ఆ ఎన్నిక కోసం జాబితాలో కొత్త పేరు చేరదు. 2024లో తెలంగాణలో ఆ గడువు ఏప్రిల్ 25. పోలింగ్ వారం ముందు మేల్కొన్నవారికి అందుకే నిరాశ ఎదురైంది.

ఎన్నికల సంఘం తరఫున ప్రతి బూత్‌కూ ఒక బూత్ లెవల్ అధికారి ఉంటారు. ఊళ్లో అందరికీ తెలిసిన అంగన్‌వాడీ టీచరో, ప్రభుత్వ ఉద్యోగో ఆ బాధ్యత చూస్తారు. గుర్తింపు పొందిన పార్టీలు తమ వైపు నుంచి బూత్ లెవల్ ఏజెంట్లను పెట్టుకోవచ్చు. అధికారి ముసాయిదా జాబితా తెచ్చినప్పుడు ఏజెంటు పేరు పేరునా చదివి, చనిపోయినవారెవరు, పెళ్లయి వెళ్లినవారెవరు, రెండుచోట్ల నమోదైనవారెవరు అని చెప్పగలగాలి. ఊరిని ఎరిగిన మనిషికే అది సాధ్యం. దేశమంతా ఒకే మూసలో ముద్రించే జాబితాలో ఊరి నిజం చేరేది ఇలాగే.

గల్ఫ్‌లో ఉన్న తెలంగాణ వలస కార్మికులు కూడా ఫారం 6ఏ ద్వారా ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు. అయితే ఓటు వేయడానికి స్వయంగా సొంత ఊరి బూత్‌కు రావాల్సిందే.

గడపగడపకూ

జాబితా చేతికొచ్చాక పార్టీలు దాన్ని ముక్కలుగా పంచుకుంటాయి. జాబితాలో ఒక పేజీలోని ఓటర్లను ఒకే కార్యకర్తకు అప్పగించే పద్ధతిని బీజేపీ పన్నా ప్రముఖ్ పేరుతో నడుపుతోంది. మిగతా పార్టీలు బూత్ కమిటీలతో, వాడల వారీ బాధ్యులతో దాదాపు ఇదే పని చేస్తాయి. ఒకరికి పాతిక, ముప్పై మందిని అప్పగిస్తే వాళ్ల గడప తొక్కడం, మాట వినడం, పోలింగ్ రోజు వాళ్లు కదిలారో లేదో చూడటం అతని పూచీ.

లోక్‌సభ ఎన్నికలు నడి ఎండల్లో రావడంతో మెదక్ పల్లెల్లో ప్రచారం పని వేళలకు లోబడి సాగుతుంది. యాసంగి వడ్లు కల్లాల్లో ఆరబోసి ఉంటాయి. రైతులు కొనుగోలు కేంద్రం దగ్గర కాంటా కోసం ఎదురుచూస్తుంటారు. కూలీలు పొద్దున్నే ఉపాధి హామీ పనికి వెళ్తారు. మధ్యాహ్నం ఇళ్ల తలుపులు తడితే తీసేవారుండరు. అందుకే కార్యకర్తలు తెల్లవారగానే ఉపాధి పనుల దగ్గరికి, పొద్దు వాలాక వాడల్లోకి వెళ్తారు. బీడీలు చుట్టే ఆడవాళ్లు కూర్చునే అరుగుల దగ్గర, చాయ్ హోటళ్ల దగ్గర మాట కలుపుతారు. పింఛను, వడ్ల డబ్బు, రేషన్ కార్డు గురించి అడుగుతారు. పార్లమెంటుకు పంపే మనిషి గురించి చెప్పాలంటే ముందు ఆ ఇంటి బాధ వినాలి. విన్న బాధను పై నాయకత్వానికి చేరవేయడం కూడా కార్యకర్త పనే. ఆ పని మానేసి కరపత్రం చేతిలో పెట్టి వచ్చేవారిని జనం ఐదేళ్లూ గుర్తుపెట్టుకుంటారు.

మనిషి నేరుగా వెళ్లి అడగడానికి ఉన్న బలాన్ని పరిశోధకులూ కొలిచి చూశారు. అమెరికాలోని న్యూ హేవెన్ నగరంలో 1998లో అలన్ గెర్బర్, డోనాల్డ్ గ్రీన్ అనే రాజనీతి శాస్త్రవేత్తలు దాదాపు 30 వేల మంది ఓటర్ల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరి ఇళ్లకు మనుషుల్ని పంపారు, కొందరికి ఉత్తరాలు రాశారు, కొందరికి ఫోన్లు చేయించారు. ఇంటికి వెళ్లి అడిగినవారిలో పోలింగ్ స్పష్టంగా పెరిగింది. ఉత్తరాల ప్రభావం స్వల్పం. ఫోన్ల వల్ల ప్రయోజనం కనిపించలేదు. మన పల్లెల్లో కార్యకర్తలకు ఎప్పటి నుంచో తెలిసిన సంగతే అక్కడ అంకెలతో రుజువైంది.

మెదక్ చూసిన ఎన్నికలు

1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో బ్యాలెట్ పెట్టె ఉండేది. దానిమీద గుర్తు అంటించేవారు. చదువురాని ఓటర్లకు ఏ పెట్టెలో చీటీ వేయాలో నేర్పడమే అప్పటి కార్యకర్తల ప్రధాన పని. మెదక్ నుంచి ఆ ఎన్నికలో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ అభ్యర్థి, సరోజినీ నాయుడు కుమారుడు డాక్టర్ జయసూర్య గెలిచారు. 1969 తెలంగాణ ఉద్యమం నుంచి పుట్టిన తెలంగాణ ప్రజా సమితి 1971లో 10 లోక్‌సభ స్థానాలు గెలుచుకుంది. వాటిలో మెదక్ ఒకటి. ఉద్యమంలో రాటుదేలిన విద్యార్థులు, యువకులే ఆ పార్టీకి బలగం.

1980లో దేశం దృష్టంతా మెదక్ మీద పడింది. 1977లో రాయ్‌బరేలీలో ఓడిన ఇందిరాగాంధీ ఈసారి రాయ్‌బరేలీతో పాటు మెదక్‌లోనూ పోటీ చేశారు. ఎస్.జైపాల్‌రెడ్డిపై రెండు లక్షలకు పైగా ఓట్ల ఆధిక్యంతో గెలిచి, రాయ్‌బరేలీని వదులుకుని మెదక్‌నే ఉంచుకున్నారు. 1984 అక్టోబరు 31న హత్యకు గురయ్యేనాటికి ఆమె మెదక్ ఎంపీ. దేశమంతా తిరగాల్సిన అభ్యర్థి ఒక్క నియోజకవర్గంలో ఎక్కువ రోజులు ఉండలేరు. అలాంటి పోటీలో ఇంటింటి ప్రచార భారం స్థానిక కార్యకర్తల మీదే పడుతుంది.

హద్దులు

ప్రచారానికి చట్టం గీసిన గీతలున్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు మోగకూడదు. గుడి, మసీదు, చర్చి ప్రచార వేదికలు కాకూడదు. ఇంటి యజమాని ఒప్పుకోకుండా గోడ మీద పోస్టరు అంటించకూడదు. పిల్లలతో జెండాలు మోయించకూడదు. పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందే బహిరంగ ప్రచారం ఆగిపోవాలి. బయటి నియోజకవర్గాల నుంచి వచ్చిన కార్యకర్తలు ఊరు విడిచి వెళ్లాలి.

2024లో తెలంగాణలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షల రూపాయలు. ఓటుకు నోటు, మద్యం, చీర, కోడి ఏది పంచినా నేరమే. ఇచ్చినవారూ తీసుకున్నవారూ ఇద్దరూ శిక్షార్హులు. ఇలాంటివి కంటపడితే ఫొటోనో వీడియోనో తీసి ఎన్నికల సంఘం వారి సీ-విజిల్ యాప్‌లో పెట్టవచ్చు. పేరు చెప్పాల్సిన అవసరం లేదు. 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది లక్ష్యం.

డబ్బు చొరబడిన చోట స్వచ్ఛంద కార్యకర్త విలువ పడిపోతుంది. కూలికి వచ్చిన గుంపు ఉదయం ఒక జెండా, సాయంత్రం ఇంకో జెండా పడుతుంది. నెలల తరబడి వాడ వాడ తిరిగినవాడి కష్టాన్ని చివరి రాత్రి పంపకం తుడిచేస్తుంది. ఇది పార్టీలకు నష్టం, ఊరికి అంతకంటే పెద్ద నష్టం.

పోలింగ్ రోజు

ఉదయం 7 గంటలకు పోలింగ్ అంటే ఏజెంటు ఐదున్నరకే బూత్‌లో ఉండాలి. ఏజెంట్ల ముందు మాక్ పోల్ జరుగుతుంది. కనీసం 50 ఓట్లు వేసి, యంత్రం చూపిన లెక్కను వీవీప్యాట్ చీటీలతో సరిచూసి, ఆ ఓట్లన్నీ చెరిపేస్తారు. తర్వాత యంత్రానికి సీళ్లు వేస్తారు. వాటి మీద ఏజెంట్లు సంతకం చేస్తారు. ఒక పార్టీ ఏజెంటు పక్కనే మరో పార్టీ ఏజెంటు కూర్చుని ఒకే కాగితం మీద సంతకం పెట్టడం మన ఎన్నికల మీద నమ్మకానికి పునాది.

ఆపై వచ్చిన ప్రతి ఓటరు పేరునూ ఏజెంటు తన జాబితాలో టిక్కు పెట్టుకుంటాడు. వచ్చినవాడు ఆ మనిషి కాదని అనుమానం వస్తే 2 రూపాయలు డిపాజిట్ చేసి సవాలు చేయవచ్చు. తన ఓటు అప్పటికే ఎవరో వేసేశారని తేలితే అసలు ఓటరుకు టెండర్ ఓటు వేసే హక్కుంది. ఇది తెలియక తిరిగి వెళ్లిపోయేవారికి వలంటీరు చెప్పే ఒక్క మాట ఎంతో మేలు చేస్తుంది.

2024 నాటి నిబంధనల ప్రకారం బూత్‌కు 200 మీటర్ల అవతల పార్టీలు ఒక టేబుల్, రెండు కుర్చీలు, నీడకు గొడుగో టార్పాలినో పెట్టుకోవచ్చు. అక్కడ ఇచ్చే చీటీ తెల్ల కాగితం మీద ఉండాలి. దాని మీద గుర్తు, పార్టీ పేరు, అభ్యర్థి పేరు ఉండకూడదు. 100 మీటర్ల లోపల ఓటు అడగడం నేరం. ఓటర్లను పార్టీ బండ్లలో తరలించడం కూడా నిషిద్ధం. ఓటరు చీటీ ఒక్కటే గుర్తింపుగా చెల్లదు. ఓటరు కార్డు లేనివారు ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ వంటివి తేవాలి.

పోలింగ్ ముగిశాక ఎన్ని ఓట్లు పోలయ్యాయో చూపే ఫారం 17సీ ప్రతి ఏజెంటు చేతికి వస్తుంది. లెక్కింపు రోజు యంత్రం చూపే అంకె దానితో సరిపోవాలి. ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచి కౌంటింగ్ ఏజెంటుకు అందించినప్పుడే పోలింగ్ ఏజెంటు పని పూర్తయినట్టు.

పార్టీ లేని సేవ

ఏ కండువా వేసుకోకుండా చేసే పని కూడా ఉంది. ఓటరు చైతన్యం కోసం ఎన్నికల సంఘం స్వీప్ కార్యక్రమం నడుపుతోంది. ఏటా జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం జరుగుతుంది. కాలేజీల విద్యార్థులు ఊరేగింపులు తీస్తారు, పోలింగ్ రోజు వీల్‌చైర్లు తోస్తారు, క్యూలో నిలబడ్డవారికి నీళ్లు అందిస్తారు. 2024లో 85 ఏళ్లు దాటినవారికి, 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి ఇంటి నుంచే ఓటు వేసే వీలు కల్పించారు. అందుకు ముందే ఫారం 12డీ ఇవ్వాలి. ఆ ఫారం సంగతి మంచంలో ఉన్న ముసలమ్మకు తెలియజేయాల్సింది పక్కింటివాళ్లే. చూపులేని ఓటరు వెంట 18 ఏళ్లు నిండిన ఒకరు లోపలికి వెళ్లవచ్చు. ఒక సహాయకుడు ఒక్కరికే తోడు వెళ్లాలి.

ఇలాంటి సేవకు పార్టీ సభ్యత్వం అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. ఎన్నికల షెడ్యూలు వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. ఈ ఏడాది ముసాయిదా జాబితా వెలువడగానే ఇంట్లోవాళ్ల పేర్లు, వాడలో 18 నిండిన పిల్లల పేర్లు చూడండి. లేకపోతే బూత్ లెవల్ అధికారిని కలవండి, లేదా 1950కి ఫోన్ చేయండి. ఓటు హక్కును కాపాడే పని అక్కడ మొదలవుతుంది.