కొమ్మలు కత్తిరించి ఎక్కడ పడేస్తున్నారు?

పూలమొక్క లేని ఇల్లు మా కోనసీమలో వెతికినా దొరకదు. పెరడు లేనివాళ్ళు కూడా మెట్ల పక్కన నాలుగు కుండీలైనా పెట్టుకుంటారు. రావులపాలెం దగ్గర గౌతమి దాటితే కడియం నర్సరీలే కదా మరి! మొక్క కొనేటప్పుడు ఎండ కావాలా, నీళ్ళెన్ని పొయ్యాలి అని అడుగుతాం. "ఇంట్లో కుక్కపిల్ల ఉంది, పాడావు ఉంది, ఫర్వాలేదా?" అని అడిగినవాళ్ళని మాత్రం నేనింతవరకూ చూడలేదు.

ముందు మన గన్నేరు సంగతే చూడండి. ఆకు, పువ్వు, కాడ, వేరు అన్నీ విషమే. పచ్చగన్నేరూ అంతే. ఆ విషం గుండె మీద పనిచేస్తుంది. చేదు కాబట్టి పశువు మామూలుగా పచ్చి ఆకు జోలికి పోదు. ముప్పంతా మనం కొమ్మలు కత్తిరించి గోడవతల పడేసినప్పుడే. వాడిన ఆకు గడ్డిలో కలిసిపోతే ఆవుకి తేడా తెలీదు. ఎండినా విషం పోదు. 2024లో కేరళలో గన్నేరాకు తిని ఆవూ, దూడా చనిపోయాయని వార్తలొచ్చాయి. ఆకు నమిలిన ఒక యువతి మరణించిందన్న వార్తా అప్పుడే వచ్చింది. ఆ మే నెలలోనే ట్రావన్‌కోర్ దేవస్వం బోర్డు నైవేద్యంలో, ప్రసాదంలో ఈ పువ్వు వాడొద్దని నిర్ణయించింది.

ఇక ఇంట్లో కుండీలు. డంబ్‌కేన్, మనీప్లాంటు నమిలితే సూదుల్లాంటి స్ఫటికాలు నోట్లో గుచ్చుకుంటాయి. నోరు వాచి చొంగ కారుతుంది. ప్రాణం మీదికి రావడం అరుదు. సైకాస్ అలా కాదు, దాని గింజ తింటే కుక్క కాలేయం దెబ్బతింటుంది. పిల్లి ఉన్న ఇంటికి బొకేల్లో వచ్చే పెద్దరేకుల లిల్లీ వద్దే వద్దు. పుప్పొడి ఒంటికంటి, పిల్లి నాక్కున్నా చాలు, కిడ్నీలు పాడవుతాయి. మనం దండల్లో కట్టే లిల్లీ ఇది కాదు, అది వేరే మొక్క.

ఏదైనా తిన్నదని అనుమానమొస్తే సాయంత్రం దాకా చూద్దాం అనుకోకండి. నోట్లో మిగిలిన ఆకు తీసేసి, ఆ మొక్క కొమ్మ కూడా పట్టుకుని వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఉప్పునీళ్ళు పోసి వాంతి చేయించడం లాంటివి అసలు చెయ్యొద్దు. పశువులకైతే సంచార వైద్య వాహనం నంబరు 1962.

అలాగని గన్నేరు పీకెయ్యక్కర్లేదు. కుక్క, పిల్లి తిరిగేచోట మందారం, గులాబీ, అరెకా పామ్ పెట్టుకోండి, భయం లేదు. గన్నేరు కొమ్మలు తగలెయ్యకండి, ఆ పొగా మంచిది కాదు. గొయ్యి తీసి పూడ్చేయించండి. కత్తిరించడానికి మనిషొచ్చిన రోజు, కొమ్మలు ఎక్కడ వెయ్యాలో అతను కత్తి పట్టకముందే చెప్పండి.