అయిదు రూపాయల బిళ్లంత తాబేలు... ముప్ఫై ఏళ్ల చాకిరీ!

చిన్న గాజు తొట్టి, అందులో నాలుగు రంగురాళ్లు, ఓ ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు. దాని కింద మెడ రిక్కించి చూస్తూ పచ్చటి తాబేలు పిల్ల. పిల్లల్ని వెంటేసుకుని అక్వేరియం దుకాణానికి వెళ్లిన అమ్మానాన్నలకు ఇక తప్పించుకునే దారేదీ! 'పనేం ఉండదండీ, రోజూ నాలుగు గింజలేస్తే చాలు' అంటాడు దుకాణదారు. ఇంట్లో తాబేలుంటే వాస్తుకి మంచిదని ఎవరో అన్న మాటా గుర్తొస్తుంది. ఇంకేం... తొట్టితో సహా ఇంటికొచ్చేస్తుంది.

చాలా ఇళ్లలో ఆ ముచ్చట ఏడాదైనా నిలవదు. కళ్లు ఉబ్బి, డిప్ప మెత్తబడి, తిండి మానేసి ఓ రోజు కదలకుండా పడి ఉంటుంది. నిజానికి సరిగ్గా చూసుకుంటే ఇరవై, ముప్ఫై ఏళ్లు బతికే ప్రాణి అది.

దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది రెడ్ ఇయర్డ్ స్లైడర్. కళ్ల వెనక ఎర్రటి చార దీని గుర్తు. సొంతూరు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. పెరిగితే, ముఖ్యంగా ఆడది, పది అంగుళాలు దాటొచ్చు. డిప్ప పొడవులో అంగుళానికి 40 లీటర్ల నీళ్లుండాలన్నది పెంపకందార్ల లెక్క. అంటే ఎనిమిది అంగుళాల తాబేలుకి 320 లీటర్లు! టీవీ పక్కన పెట్టే గాజు గిన్నె ఏ మూలకి?

ఎండే మందు

తాబేలు ఒంట్లో వేడి దానంతటది పుట్టదు. అందుకే నీళ్లలోంచి పూర్తిగా బయటికొచ్చి ఆరబెట్టుకోవడానికి ఓ రాయో, చెక్కో ఉండాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకితేనే దాని ఒంట్లో విటమిన్ డి తయారవుతుంది. అది లేకపోతే ఎంత కాల్షియం పెట్టినా ఒంటపట్టదు, డిప్ప వంకర్లు పోతుంది. కిటికీ పక్కనే పెట్టాంగా అనుకుంటే పొరపాటు. ఆ కిరణాలు అద్దంలోంచి రావు. ఎండ తగలని ఫ్లాట్లలో యూవీబీ దీపం తప్పదు. వెలుగుతున్నా సరే, ఏడాదిలోపు దాన్ని మార్చాలి. అలాగని మే నెల ఎండలో గాజు తొట్టిని డాబా మీద పెట్టేరు... నీళ్లు కాగిపోతాయి. సగమైనా నీడ ఉండాల్సిందే.

తిండి విషయంలో మనవాళ్లు చేసే తప్పు ఎండురొయ్యలతోనే సరిపెట్టేయడం. అన్నం, బ్రెడ్డు అసలు వద్దు. పిల్లప్పుడు మాంసకృత్తులు ఎక్కువ కావాలి, పెద్దయ్యేకొద్దీ ఆకులు, నీటి మొక్కలు పెంచాలి. పాలకూర మాత్రం అరుదుగానే. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి అందనివ్వవు. ఈ తాబేలు నీళ్లలోనే మింగగలదు. కాబట్టి నీళ్లూ త్వరగా పాడవుతాయి. మంచి ఫిల్టరు ఉన్నా అప్పుడప్పుడూ కొంత నీరు మార్చక తప్పదు.

ముక్కులోంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి, ఈదేటప్పుడు ఓ పక్కకి ఒరిగిపోవడం... ఇవి కనిపిస్తే ఊపిరితిత్తుల జబ్బేమోనని అనుమానించి, వెంటనే పశువైద్యుడికి చూపించాలి. మగతోడు లేకపోయినా ఆడది గుడ్లు పెడుతుంది. తవ్వుకోవడానికి ఇసుక లేకపోతే గుడ్లు లోపలే ఇరుక్కుని ప్రాణం మీదికి రావచ్చు.

మరి మన ఆరోగ్యం? చూడ్డానికి శుభ్రంగా ఉన్న తాబేలు ఒంటి మీదా సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. ఈ కారణంతోనే అమెరికా 1975లో నాలుగు అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, తొట్టిని వంటింటి సింకులో కడక్కూడదు. అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో తాబేలు లేకపోవడమే మేలు.

నక్షత్ర తాబేలు జోలికి వద్దు

శ్రీకూర్మం ఆలయంలో చూసి ముచ్చటపడే నక్షత్ర తాబేలు సంగతి వేరు. రాయలసీమ పొదల్లోనూ ఉండే ఈ జాతిని ఇంట్లో ఉంచుకోవడమే నేరం. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణతో ఇది మొదటి షెడ్యూల్లో చేరింది. మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం పాతిక వేల జరిమానా! పొలంలో దొరికినా ఇంటికి తేకుండా అటవీశాఖకు చెప్పాలి.

పెంచలేక విసిగినవాళ్లు చేసే పని మరోటుంది. స్లైడర్‌ని తీసుకెళ్లి చెరువులోనో, గుడి కోనేట్లోనో వదిలేస్తారు, పుణ్యమని కూడా అనుకుంటారు. ప్రపంచంలోని వంద ప్రమాదకర చొరబాటు జాతుల జాబితాలో ఉందిది. మన తాబేళ్ల తిండినీ, ఎండ కాచుకునే చోటునీ లాగేసుకుంటుంది. వదిలించుకోవాలనుకుంటే కొన్న దుకాణాన్నో, పెంచే ఓపికున్న మరో ఇంటినో, జంతు సంరక్షణ సంస్థనో అడగాలి. అదీ కుదరకపోతే తొట్టి పెద్దది చేసుకోవడమే!